తెరకు ఎడమ పక్క

ఆదివారం మధ్యాహ్నం. మా పరదాల కొట్టుకు సెలవు. గుడ్డ కత్తిరించే బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కొట్టు వెబ్ పేజీ సరిచేస్తున్నాను. పక్కనే మంచం మీద మా అత్తయ్య. ఆవిడకు చూపు లేదు. ఫోన్‌లో గొంతు ఆ పేజీని చదువుతుంటే రోజూ వింటుంది.

పేజీలో అన్నిటికంటే పైన మా ఆయన మొదటి భార్య ఫొటో. నవ్వుతూ నీలం పరదా కుడుతుంటుంది. పోయి నాలుగేళ్ళయినా ఇంట్లో ఆవిడ మాటే. చచ్చినవాళ్ళ కళ్ళు చేరెడని ఊరికే అన్నారా! కుట్టేది నేను, కొట్టు నడిపేది నేను, పైన కూర్చుని నవ్వేది ఆవిడ. కుళ్ళు అంటారా? అవును, కుళ్ళే.

తీసేస్తే అత్తయ్య ఊరుకోదు. అందుకే పాము చావకుండా, కర్ర విరగకుండా పని కానిచ్చాను. ఫొటోను తెరకు ఎడమవైపు పదివేల పిక్సెల్స్ అవతలికి నెట్టేశాను. కంటికి కనబడదు, ఫొటోకు నేను రాసిపెట్టిన మాటల్ని గొంతు మాత్రం చదువుతుంది. ఆ ఖాళీలో నా ఫొటో పెట్టుకున్నాను.

"పెద్ద కోడలు. నీలం పరదా కుడుతోంది," అని చదివింది ఫోన్. అత్తయ్య తృప్తిగా తలూపింది. నాకు నవ్వాగలేదు.

కాసేపటికి ఫోన్ మళ్ళీ పలికింది. "పెద్ద కోడలు. కుట్టడం ఆపింది."

నేనలా రాయలేదే... పేజీ కోడ్‌లో ఆ దూరం అంకె చూశాను. పదివేలు కాదు, నాలుగువేలు. దిద్దాను. రెండువేలు. మళ్ళీ దిద్దాను. మూడువందలు... నా ఎడమ పక్క నుంచి మిషన్ నూనె వాసన.

"పెద్ద కోడలు. లేచింది."

"అత్తయ్యా, ఆపండి దాన్ని..."

"నేను ముట్టుకోనైనా లేదమ్మా."

సున్నా. తెర మీద ఆవిడ నవ్వుతోంది. నా ఫొటో లేదు.

ఫోన్ నెమ్మదిగా చదివింది. "చిన్న కోడలు. ఎడమవైపు. పదివేలు."

తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. తెర వైపు చూసి ఆగిపోయాడు. పెళ్ళయిన మూడేళ్ళలో నా వైపు అలా ఒక్కసారీ చూడలేదు. ఏడుపొచ్చింది.

"అమ్మా, తనేది?"

"కళ్ళు లేనిది నాకా, నీకా? నీ ముందే కూర్చుని ఏడుస్తోంది కదరా!"

ఆయన నా కుర్చీ వైపు చూశాడు. చెయ్యి చాచి, ఖాళీ కుర్చీని సర్దినట్టు దాన్ని బల్ల కిందికి నెట్టేశాడు.

లోపలి గదిలో కుట్టుమిషన్ చప్పుడు...

"ఓహో, లోపలున్నావా?" అంటూ అటు నడిచాడు. పరదా తొలగించాడు. ఎవరిని చూశాడో... నవ్వాడు.