ఆపరేషన్ లెఫ్ట్ టాకిల్

సూళగిరి దాటాక హైవే పక్కన ఒక కారు తగలబడింది. ఫైరింజను వచ్చేసరికి మిగిలింది మాడిన ఇనుము, స్టీరింగు మీదికి వాలిన ఒక మనిషి ఆకారం, దాని వేలికి కరుచుకుపోయిన ఉంగరం. ఆ ఉంగరం ఎవరిదో తేలగానే ఢిల్లీలో ఎవరో ఒక ఫైలు మూసేశారు. ఏజెంట్ సెల్వం మృతి. ప్రమాదం. అంతే.

సెల్వానికి పిల్లల్లేరు. క్రిష్ణగిరి శ్మశానంలో నిప్పు పెట్టింది లోకనాథ్. అతనూ ఏజెంటే. ఇద్దరూ ఒకే బ్యాచ్, ఒకే కంచం. చితి సరిగ్గా అంటుకునేదాకా నిలబడి, బూడిద చొక్కాతోనే హోసూరు బస్సెక్కాడు. గూఢచారి చస్తే జెండా కప్పరు, తుపాకులు పేల్చరు. పక్కింటివాళ్ళకు కూడా అతను ఎందుకు చచ్చాడో తెలియదు.

హోసూరు పూల మార్కెట్టు వెనక ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. షట్టరు దగ్గర కాపలావాడు బీడీ ఆర్పకుండానే అడిగాడు.

"ఎర్ర రోజా లోడు యాడికప్పా?"

"ముళ్ళు తీసినాక చెప్తాను."

షట్టరు లేచింది.

లోపల రోజాపూల అట్టపెట్టెల మధ్య స్వెట్టరు మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు వరదప్ప. ఊరికి పూల ఎగుమతి వ్యాపారి. లోకనాథ్‌కు చీఫ్.

"కూర్చోప్పా. ఏడ్చినావా?"

"లేదు సార్."

"మంచిది. ఏడ్చేదానికి లీవిచ్చే అధికారం నాకు లేదు."

చీఫ్ ట్యాబ్లెట్ తిప్పి చూపించాడు. తెరమీద మైదానం బొమ్మ.

"సదర్న్ గ్రిడైరన్ లీగ్. అమెరికా ఫుట్‌బాల్. కోడిగుడ్డు మాదిరి బంతి. మన హోసూర్ హామర్స్ టీములో ఆ బంతిని విసిరేది ధనుష్. క్వార్టర్‌బ్యాక్. మనకి వాడి కోడ్‌నేమ్ రోజా. కుడిచేతివాటం. విసరబోతే ఎడమపక్క వీపు వాడికి కనపడదు. ఆ పక్క కాసేవాడే లెఫ్ట్ టాకిల్."

"తెలుసు సార్. హామర్స్‌కి కొత్త ఆటగాళ్ళని వెతికే స్కౌట్ వేషం వేస్తా ఉండేది నేనే కదా."

"వేషమని నేను మర్చిపోలేదు, నువ్వు మర్చిపోవద్దు. కోబాల్ట్ ముఠా నాయకుడు దేశం బయట కూర్చోని ఈ లీగ్ మీద పందేలు ఆడిస్తావుండాడు. పోయినేడు ధనుష్‌ని కొనబోయి ఫోన్లో మాట్లాడినాడు. ఆ గొంతుని గుర్తుపట్టగలిగింది ధనుష్ ఒక్కడే. కోర్టులో సాక్ష్యం చెప్పబోతాడు."

"అంతవరకు దాచిపెట్టండి సార్."

"వాడు ఒప్పుకోలా. దాక్కుంటే తప్పు నాదే అన్నట్టుంటాది అంటాడు. అందుకని కోబాల్ట్ వాణ్ణి మైదానంలోనే లేపేయాలని చూస్తావుంది. వీపు వెనక నుంచి మెడ మీద ఒక్క గుద్దు. జనం చప్పట్లు కొడతారు. ఆట అనుకుంటారు. దానికి వాళ్ళకి కావాల్సిందల్లా, లెఫ్ట్ టాకిల్ అర అడుగు లేటుగా కదలడం."

రేపే డ్రాఫ్ట్. టీములన్నీ వరసగా ఒక్కొక్క కొత్త ఆటగాణ్ణి ఎంచుకుంటాయి. మొదటి వంతు హామర్స్‌ది. లెఫ్ట్ టాకిల్ స్థానానికి పనికొచ్చేవాళ్ళు ఇద్దరే. రాయకోట ముఖేశ్, సామల్పట్టి పిల్లప్ప. క్రిష్ణగిరి క్యాంపులో ట్రైనర్ వేషంలో వాళ్ళిద్దరికీ ఆట నేర్పింది సెల్వమే. ఇద్దరిలో ఒకణ్ణి కోబాల్ట్ కొనేసింది.

"ఎవుర్నో కనిపెట్టినందుకే సెల్వాన్ని కాల్చేసినారు," అన్నాడు వరదప్ప. "కారు అంటుకునే ముందు పంపిన వాయిస్ మెసేజ్ ఇది."

ట్యాబ్లెట్‌లోంచి సెల్వం గొంతు వచ్చింది. గాలి హోరు మధ్య రొప్పుతున్నాడు. 'రోజాకి కంచె పిల్లప్ప. ముఖేశ్ చెద.'

లోకనాథ్ తల దించుకున్నాడు. పొద్దున తను నిప్పు పెట్టిన నోరు అది.

"ఇంకేం సార్. పిల్లప్పని తీసుకుంటాను."

"తీసుకో. కానీ ఒకసారి ఇద్దర్నీ దగ్గర్నుంచి చూడు. సెల్వం ఇంటికి పలకరింపుకి వస్తావుండారంట."

ఆటలెక్కన చూసినా పిల్లప్పదే పైచేయి. ఎత్తు, చేతుల పొడుగు, వెనక్కి అడుగులేసే వేగం అన్నీ ఉన్నాయి. టీవీలో కూర్చుని పళ్ళికిలించే నిపుణులందరూ అతన్నే మొదటివాడని రాసుకున్నారు. ముఖేశ్ గొర్రెలు కాసే దాసప్ప కొడుకు. పొట్టి చేతులు, పలకరిస్తే నేల చూపు. ఒకే ఒక్క గుణం, ఎదటివాడు ఎంత గుద్దినా పాదం నేల విడవదు. అది కెమెరాకు కనపడదు. టాకిల్ సరిగ్గా పనిచేసినంతకాలం వాడి పేరు ఎవరూ పలకరు. వాడు ఓడిన రోజే దేశమంతా పలుకుతుంది. లోకనాథ్‌కు ఆ ఉద్యోగం ఎక్కడో చేసినట్టే ఉంటుంది.

క్రిష్ణగిరిలో సెల్వం ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. సెల్వం భార్య సుధామణి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కన ఎదురింటి ముసలమ్మ అంగాళమ్మ. వచ్చినవాళ్ళు కూర్చుంటున్నారు, కాసేపు నేల చూస్తున్నారు, లేచి వెళ్ళిపోతున్నారు. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పి వెళ్ళరు. చెప్పి వెళ్తే చావు మళ్ళీ పిలుస్తుందని ఈ పక్క పిల్లలకు కూడా తెలుసు.

ముఖేశ్ చాలాసేపు కూర్చున్నాడు. ఒక్క మాటా రాలేదు. చివరికి పెద్ద చేతులతో మొహం తుడుచుకుని, లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

పిల్లప్ప మాట్లాడాడు. సెల్వం సారు ఎంత మంచివాడో, తనకు కాళ్ళు కదపడం ఎలా నేర్పాడో చెప్పాడు. కన్నీళ్ళు కూడా వచ్చాయి. వాచీ చూసుకుని లేచాడు.

"పోయొస్తానమ్మా."

అంగాళమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"ఒరే పొడుగోడా! సావింట్లో పోయొస్తానంటావా? ఇంకో సావు కావల్నా నీకు? మీ ఊళ్ళో ఎవురు పోయినా పాడె కట్టేది మీ నాయనే కదరా, ఆయన నేర్పలేదా?"

పిల్లప్ప మొహం పాలిపోయింది. "నోరు జారిందవ్వా," అని గబగబా చెప్పులేసుకున్నాడు.

చిన్నవాడు, దుఃఖంలో మరిచాడు అనుకున్నాడు లోకనాథ్. సుధామణి అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఆయప్ప మొహం ఒక్కసారన్నా చూపియ్యలేదు నాకు."

"చూసేట్టు లేదమ్మా."

"నువ్వు చూసినావా?"

లోకనాథ్ చూసింది ఉంగరం ఒక్కటే.

మరుసటి సాయంత్రం హోసూరు హోటల్ హాలు లైట్లతో, పొగ యంత్రాలతో హోరెత్తిపోతోంది. స్కౌట్ టోపీ, కళ్ళజోడు పెట్టుకుని హామర్స్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు లోకనాథ్. కళ్ళజోడు కమ్మీలో మైకు, జేబులో మత్తుసూది పేల్చే పెన్ను. పక్కన ధనుష్ చూయింగ్ గమ్ నములుతున్నాడు.

"నా ఎనక ఎవుర్ని నిలబెడతావన్నా?"

"నీకు ఎవరైతే బాగుంటాది?"

"నాకెట్లా తెలుస్తాది? ఆ పక్క నాకు కనపడదు కదా." ధనుష్ నవ్వాడు. ఇరవై రెండేళ్ళ నవ్వు.

ఘుమ్మని సెంటు వాసన. పవిత్ర వచ్చింది. నీలం పట్టుచీర, భుజం దాకా వేలాడే జూకాలు. ఆటగాళ్ళ తరఫున ఒప్పందాలు కుదిర్చే ఏజెంటు. ఇద్దరు టాకిల్స్‌కీ ఆమే. కోబాల్ట్‌కు కబుర్లు మోసేదీ ఆమే, ఆ కబుర్లలో సగం వరదప్పకు అమ్మేదీ ఆమే.

"మొహం అట్లా పెట్టుకున్నావేం లోకనాథ్? పిల్లప్ప పేరు చెప్పేసెయ్. సెల్వం కోసమైనా."

"నీకు సెల్వం మీద అంత ప్రేమ ఎప్పట్నుంచి?"

"చచ్చినవాళ్ళ మీద ఎవురికి ఉండదప్పా ప్రేమ?" జూకా సవరించుకుంటూ వెళ్ళిపోయింది.

స్టేజీ మీద గడియారం పరుగు మొదలుపెట్టింది. హామర్స్ వంతు. కెమెరా కోసం ధనుష్‌ను పైకి పిలిచారు. అతను లేచి లోకనాథ్ భుజం తట్టాడు.

"పోయొస్తానన్నా."

మామూలు మాట. రోజుకు పదిసార్లు వినే మాట. కానీ లోకనాథ్ చేతిలోని గ్లాసు ఆగిపోయింది.

పాడె కట్టే ఇంట్లో పుట్టినవాడు పిల్లప్ప. వాడు పుట్టినప్పటి నుంచి ఎన్ని చావిళ్ళు తిరిగి ఉంటాడు! ఎన్ని గడపల నుంచి నోరు మూసుకుని వచ్చి ఉంటాడు! దుఃఖంలో మరిచిపోయేది కాదు అది. దుఃఖంలో ఉన్న ముఖేశ్ మరిచిపోలేదు. అబద్ధపు కన్నీళ్ళు కార్చినవాడి నోరు మాత్రం, మామూలు ఇంటి నుంచి లేచినట్టు లేచింది. ఎందుకంటే వాడి మనసులో అది చావిల్లు కాదు.

ఆ ఇంట్లో ఎవరూ చావలేదు.

సెల్వం బతికే ఉంటే ఆ మెసేజ్ హెచ్చరిక కాదు, ఎర. చెద అన్నవాడే కంచె. కంచె అన్నవాడే చెద. ఇరవై ఏళ్ళ స్నేహితుడు ముఠాకు అమ్ముడుపోయాడు.

తను పొరబడి ఉంటే? ఒక్క మాట పట్టుకుని చచ్చిన స్నేహితుడి ఆఖరి మాటను కాలదన్నితే? స్టేజీ మీద ధనుష్ కెమెరాలకు చెయ్యి ఊపుతున్నాడు, వీపు ఇటువైపు పెట్టి. ఆ వీపు మీద హామర్స్ కోటు కొంచెం వదులుగా ఉంది.

సెల్వం నిజంగానే చచ్చిపోయి ఉంటే బాగుండును అనుకున్నాడు లోకనాథ్. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గడియారం ఆఖరి అంకె మీదికి జారుతుండగా మైకు లాక్కున్నాడు.

"హామర్స్ పిక్. లెఫ్ట్ టాకిల్. ముఖేశ్, రాయకోట."

హాలంతా నవ్వులు. టీవీ నిపుణుడు తల పట్టుకున్నాడు. వెనక వరసలో దాసప్ప తువ్వాలుతో నోరు మూసుకుని ఏడుస్తున్నాడు. పిల్లప్ప కుర్చీలోంచి లేచాడు. అప్పటికే కళ్ళజోడు మైకులో లోకనాథ్ మెల్లగా చెప్పాడు. "పొడుగువాణ్ణి బయటికి పోనియ్యొద్దు." వెయిటర్ల వేషంలో ఉన్న ఇద్దరు ట్రేలు కింద పెట్టారు.

పవిత్ర నవ్వు చెదరలేదు. వేలు మాత్రం ఫోను మీదికి పోయింది. లోకనాథ్ ఆమె ముందు నిలబడ్డాడు.

"సెల్వం యాడుండాడు?"

ఆమె పిల్లప్ప వైపు ఒకసారి చూసింది. ఎవరు ఓడారో లెక్క కట్టుకుంది.

"బేస్‌మెంట్. తెల్ల వ్యాను. పిల్లప్ప పేరు వినేదాకా ఆడే ఉంటానన్నాడు. నేను చెప్పినానని మీ చీఫ్‌కి చెప్పు. మర్చిపోవద్దు."

బేస్‌మెంట్‌లో ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది. వ్యాను తలుపు లాగితే లోపల మీసం తీసేసిన సెల్వం. గుండు, కొత్త కళ్ళజోడు. కొత్త పాస్‌పోర్టుకు సరిపోయే మొహం.

"ఆ పెన్ను దించురా. దాంతో కొట్టేది నేర్పించింది నేనే."

లోకనాథ్ దించలేదు.

"ఎట్లా కనిపెట్టినావు?"

"నువ్వు తయారు చేసిన పిల్లోడు మీ ఇంట్లో పోయొస్తానన్నాడు."

సెల్వం కళ్ళు మూసుకున్నాడు. "అడుగులు నేర్పినాను. ఏడ్చేది నేర్పినాను. అది నేర్పల్లా అని తోచలేదు." చిన్నగా అడిగాడు. "ఎవురెవురు వచ్చినారురా నా సావుకి?"

"వీధంతా వచ్చినారు."

"మన ఆఫీసోళ్ళు?"

"ఎవురూ రాలేదు."

"చూసినావా?" సెల్వం ముందుకు వంగాడు. "ఇరవై ఏండ్లు ఎవురెవురి వీపులనో కాసినాను. నా వీపు ఎవురు కాసినార్రా?"

"నేను కాసినాను కదరా."

సెల్వం చెయ్యి సీటు కిందికి పోయింది. తుపాకీ కోసమో, రుమాలు కోసమో లోకనాథ్‌కు ఎప్పటికీ తెలియదు. పెన్ను టిక్కుమంది. సూది మెడలో దిగింది. పడిపోకుండా భుజం పట్టుకుని మెల్లగా పడుకోబెట్టాడు, ఎన్నో ప్రయాణాల్లో నిద్రపోయినప్పుడు పడుకోబెట్టినట్టే. సీటు కింద చూడలేదు.

చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సెల్వం దొరికినాడు సార్, బతికే. ఇప్పుడు కోబాల్ట్ నాయకుడి గొంతుని గుర్తుపట్టేవాళ్ళు ఇద్దరు. ధనుష్ ఒక్కణ్ణి చంపి లాభం లేదు."

"శభాష్‌ప్పా." వరదప్ప కాసేపు గొణిగాడు. "కానీ వాడి ఫైలు మూసేసినారు. సచ్చినోణ్ణి అరెస్టు చేసేదానికి మన రూల్సులో దారి లేదు. ముందు బతికించల్లా. ఢిల్లీకి రాస్తాను."

ఇంకొక ఫోను మిగిలింది. సుధామణి మొదటి రింగుకే ఎత్తింది.

"అమ్మా, సెల్వం బతికే ఉండాడు."

లోకనాథ్ తొందరగా మిగతాది కూడా చెప్పేశాడు. ముఠా, మోసం, వ్యాను. సగం చెప్పాక ఆపితే ఆమె ఆశ పెట్టుకుంటుందని భయం. ఆమె ఏడవలేదు. సంతోషించలేదు. అంతా విన్నాక అడిగింది.

"అట్లయితే అన్నా, నేను గుండెలు బాదుకునింది ఎవురికోసం? నువ్వు నిప్పు పెట్టింది ఎవురికి?"

లోకనాథ్ వ్యానులో పడుకున్నవాడి వైపు చూశాడు. అతనికీ తెలిసి ఉండదు. ఏ లారీ క్లీనరో, ఏ ఊరి దిక్కులేనివాడో. ఆ మనిషి కోసం క్రిష్ణగిరి వీధి వీధంతా ఏడ్చింది, పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు.

"తెలీదమ్మా," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసింది. పై అంతస్తులో చప్పట్లు మోగాయి. డ్రాఫ్ట్ రెండో రౌండ్ మొదలైంది.