నీళ్లు తోడే మనిషి

జ్యోతినగర్‌లో విష్ణువర్ధన్ గారి క్వార్టర్ వెనక ఉన్న కొలనును వేణుమాధవ్ చుక్క మిగలకుండా తోడేశాడు. పని ఇంత శుభ్రంగా అయినందుకు తనను తానే మెచ్చుకుంటూ చేతులు తుడుచుకుంటుంటే గేటు దగ్గర స్కూటీ ఆగింది.

"చేపలేవి?" అంది వచ్చిన అమ్మాయి.

"గా టబ్బుల ఉన్నయ్ మేడం. బట్టలు నానవెట్టేది దొరికింది."

నీలం టబ్బులో ఎరుపూ తెలుపూ మచ్చల కోయి చేపలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని, అతని మీద ఫిర్యాదు రాయించడానికి వచ్చినట్టు నోళ్లు తెరుస్తున్నాయి.

"మిమ్మల్ని పంపు బాగుచెయ్యమన్నాం. నీళ్లెవరు తోడమన్నారండీ?"

"పంపు మంచిగైందో లేదో ఎట్ల తెలుస్తది మరి? నడిపి చూసిన. మస్తు నడిచింది."

తప్పంతా అతనిదే అనడానికి లేదు. గోదావరిఖనిలో, భూమి లోపల, గనిలో ఊరే నీటిని పంపులతో పైకి పంపడం అతని ఉద్యోగం. అక్కడ నీళ్లు నిలబడ్డాయంటే మనుషుల ప్రాణాలకు ముప్పు. నిలిచిన నీరు కనిపిస్తే తోడెయ్యాలనే తప్ప, దాన్ని ఉంచి పోషించేవాళ్లు కూడా ఉంటారని అతనికి ఎవరూ చెప్పలేదు. టౌన్‌షిప్‌లో పంపులు చూసే బావ జగదీశ్వర్ మాల వేసుకుని శబరిమల పోతూ, "సార్ వాళ్లింట్ల చిన్న పంపున్నది, జర చూడు" అన్నాడు. చేపల ఊసెత్తలేదు.

"మళ్లీ నింపుత మేడం. ఎంతసేపు?"

"కుళాయి నీళ్లలో మందుంటుంది. ఒకరోజు నిలవుంటే గానీ చేపలకు పనికిరావు."

గిన్నెలు తోమే చోట సిమెంటు తొట్టిలో పాత నీళ్లున్నాయి. ఇద్దరూ తడి తువ్వాళ్లలో చేపల్ని పసిపిల్లల్లా ఎత్తుకుని అందులోకి చేర్చారు. అన్నిటికంటే పెద్ద చేప వేణు చెంప మీద తోకతో ఒక్కటిచ్చింది. అమ్మాయి పేరు మైత్రి అనీ, విష్ణువర్ధన్ గారి కూతురనీ, స్కూల్లో ఫిజిక్స్ చెబుతుందనీ అతనికి ఆ దెబ్బ తర్వాత తెలిసింది.

"ఆ కాటుకేంటండీ?" అంది, అతని కళ్లు దగ్గరగా చూసి.

"బొగ్గు మేడం. సబ్బుకు వోదు."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "రేపు వస్తారుగా?"

"డ్యూటీ ఉన్నది..."

"వస్తారు," అంది, హోంవర్కు ఇచ్చినట్టు.

వచ్చాడు. బావ శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక కూడా వస్తూనే ఉన్నాడు. చలి ముదిరింది. బాదం ఆకులు రాలి నీళ్లలో కుళ్లకుండా కొలను మీద వల కట్టాడు. వారానికోసారి కాస్త నీరు తీసి, నిలవ నీరు కలిపాడు. ఫిల్టర్లో స్పాంజిని కొలను నీళ్లతోనే కడగాలని నేర్చుకున్నాడు. చేపలు అడుగున చేరి కదలకుండా పడుకున్నాయి.

"ఇగ వీటి పని అయిపోయిందా మేడం?"

"చలికి వాటి పొట్టలు నిద్రపోతాయి. ఇప్పుడు మేత వేస్తే అరక్క చస్తాయి. ఎవరూ ఏమీ వెయ్యకూడదు." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ పెట్టించిన కొలను ఇది. అమ్మ పోయాక నాన్న దీనివైపు చూడ్డం కూడా లేదు" అంది.

"మార్చి దాటితే ఎండలేనాయె. అప్పుడు లేస్తయ్ లెండి."

"మార్చిలో నాన్న రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి రాజమండ్రి వెళ్లిపోతాం. చేపల్ని ఎవరికిస్తామో ఏంటో."

ఆ సాయంత్రం బండి మీద ఇంటికెళ్తూ వేణు చలికాలం ఇంకొన్నాళ్లుంటే బాగుండుననుకున్నాడు. చలికి వణుకుతున్న గోదావరిఖనిలో అలా కోరుకున్నవాడు అతనొక్కడే అయ్యుంటాడు.

చిత్రమేమిటంటే, మేత వెయ్యకపోయినా కొలను వారం తిరక్కుండా వాసనొస్తోంది. మైత్రి ఫోన్ చేస్తుంది, అతను పరుగున వస్తాడు. ఎవరో రహస్యంగా మేత వేస్తున్నారని కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎవరు, ఎందుకు అన్న విషయంలో మాత్రం వేణు తెలివి అవసరానికి మించి పనిచేసింది. తనను పిలిపించుకోవడానికి కాకపోతే ఆమెకు మరో అవసరమేముంది? బండి అద్దంలో మొహం చూసుకున్నాడు. మీసం పర్వాలేదనిపించింది. కొత్త చొక్కా కొన్నాడు.

సంగతి తేల్చుకుందామని నైట్ షిఫ్టు దిగి, కొత్త చొక్కా తొడుక్కుని, తెల్లవారుతూనే నేరుగా అక్కడికి వెళ్లాడు. కొలను దగ్గర మంకీ క్యాపు, శాలువా, చేతిలో ఇడ్లీ పళ్లెం. విష్ణువర్ధన్ గారు.

సరిచేసుకుంటున్న కొత్త చొక్కా కాలరును వేణు వదిలేశాడు.

"మా అమ్మాయికి చెప్పకు బాబూ," అన్నారాయన.

"చలికి అవి తినవు సార్."

"తెలుసు. మా ఆవిడ కృష్ణప్రియ రోజూ ఈ వేళకి వీటికేదో ఒకటి వేసేది. ఇద్దరికి వండే అలవాటు నాకింకా పోలేదు. మైత్రి పొద్దున్నే ఏమీ తినదు. పారెయ్యడానికి చెయ్యి రాదు."

వేణు పళ్లెం కోసం చెయ్యి చాపాడు. "గవి నాకు పెట్టుండ్రి సార్. డ్యూటీ దిగి వచ్చిన. ఆకలైతున్నది."

ఆయన ఆశ్చర్యపోయి, లోపలికెళ్లి చట్నీ కూడా తెచ్చారు. గట్టు మీద కూర్చుని ఇద్దరూ తిన్నారు. మర్నాడు సాంబారు కూడా చేశారు.

నీళ్లు పాడవడం పంపులో తన పొరపాటేనని వేణు మైత్రితో ఒప్పుకున్నాడు. ఆమె చివాట్లు పెట్టింది. కొలను అద్దంలా తేటపడింది. దాంతో ఆమె ఫోన్లు ఆగిపోయాయి. పొద్దున్నే తండ్రితో ఇడ్లీలు దొరుకుతున్నాయి, నీళ్లు మార్చడమూ అప్పుడే అయిపోతోంది గానీ, అప్పటికి కూతురు నిద్ర లేవదు. బతుకంతా మురికినీటిని తిట్టిన వేణు మొదటిసారి తేటనీటిని తిట్టుకున్నాడు.

ఫిబ్రవరి వెళ్లేసరికి ఎండ తగిలి చేపలు పైకొచ్చాయి. అప్పుడు ఫోన్ వచ్చింది.

"పంపు ఆగిపోయిందండీ."

విప్పి చూస్తే నీళ్లు పీల్చే మూతి దగ్గర చిన్న గుడ్డపీలిక. తీసేశాడు. నాలుగు రోజులకు మళ్లీ ఆగింది. మళ్లీ పీలిక, ఈసారి గట్టిగా ముడివేసి ఉంది. పసుపు రంగు. ఆమె వేసుకున్న చున్నీ అంచు ఒక మూల చిరిగి ఉంది.

"మేడం," అన్నాడు, పీలికను అరచేతిలో పెట్టి చూపిస్తూ. "చేపలు ముడి వెయ్యవు."

మైత్రి బాదం చెట్టు వంక చూసింది. "నాన్నకేం, ఇడ్లీలున్నాయి. నాకు పంపు తప్ప దారేముంది?"

"మీకు ఇడ్లీల సంగతి తెలుసా?"

"చట్నీ రుచి మారినప్పుడే తెలిసింది. నాన్న మళ్లీ పోపు పెడుతున్నారు."

రాజమండ్రి వెళ్లిపోయే మనిషికి మనసులో మాట చెప్పి ఏం లాభం? వేణు నేరుగా ఇంటికెళ్లి, పెరట్లో గడ్డపార అందుకున్నాడు.

గనిలో పనిచేసి రిటైరైన తండ్రి ముత్యం మంచం మీంచి లేచొచ్చాడు. "ఏందిరా, బాయి తవ్వుతున్నవా?"

"చెర్వు బాపూ. చేపలకు."

"నీళ్లు తోడెటోనివి నీళ్లు నింపుతవా? ఎవల చేపలు?"

వేణు ఇంకో పెళ్ల పెకలించాడు. కొడుకు మొహం చూసి ముత్యం గడ్డపార లాక్కున్నాడు. "అంచు గట్ల నిలువుగ తవ్వితె కూలుతది. జరుగు." తవ్వుతూ తవ్వుతూ, గని పైకప్పు కూలేలా ఉందేమోనని చూసే పాత అలవాటున ఒకసారి తలెత్తి చూశాడు. ఆకాశం గట్టిగానే ఉంది.

మార్చి ఆఖర్లో, క్వార్టర్ ఖాళీ చేస్తూ మైత్రి వాళ్లు చేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో వేణు ఇంటికి తెచ్చారు. నీళ్లకు పొంతన కుదరాలి కాబట్టి సంచుల్ని విప్పకుండానే కొత్త కొలనులో తేలవేశారు. గట్టు మీద అందరూ కాచుకు కూర్చున్నారు. వేణు తల్లి సారవ్వ చాయ్ తెచ్చింది.

"ఇంకెంతసేపు?" అన్నాడు వేణు.

"ఆ నీళ్లూ ఈ నీళ్లూ ఒక్క వేడికి వచ్చేదాకా," అంది మైత్రి. "తొందరపడితే బెదిరిపోతాయి."

"నేనైతె చలికాలం నుంచి ఆగుతున్న మేడం."

"మేడం అనడం మానేస్తే మిగతాది వింటాను."

"మైత్రి," అన్నాడు. మిగతాది చెప్పలేకపోయాడు. ఆమె మాత్రం అంతా విన్నట్టే తలూపింది.

విష్ణువర్ధన్ గారు చాయ్ గ్లాసులోకి చూస్తూ, "ముత్యం గారూ, ఈ చుట్టుపక్కల అద్దెకి ఇల్లుందేమో చూడండి. రాజమండ్రిలో నా ఇడ్లీలు తినేవాళ్లెవరూ లేరు" అన్నారు.

"దేవులాడుడెందుకు సార్? మా పక్కిల్లే ఖాళీగున్నది," అన్నాడు ముత్యం.

నీళ్లకు పొంతన కుదిరింది. సంచుల ముళ్లు బిగుసుకుపోయి సారవ్వకు రాలేదు, ముత్యానికీ రాలేదు.

"మీరుండండి," అన్నారు విష్ణువర్ధన్ గారు. "మా అమ్మాయి వేసిన ముళ్లు విప్పడం ఆ అబ్బాయికి అలవాటే."

మైత్రికి చాయ్ పొలమారింది. వేణు తల వంచుకుని ముడి విప్పాడు. పెద్ద చేప ముందు బయటికొచ్చి కొలనంతా ఒక చుట్టు తిరిగి, వెళ్తూ వెళ్తూ తోకతో అతని మొహం మీద నీళ్లు చిమ్మింది. తుడుచుకోకుండా అతను అలాగే కూర్చున్నాడు, నిలిచిన నీళ్లను మొదటిసారి ప్రేమగా చూస్తూ.