తవిటవ్వ పింగాణి గిన్నె

చలిపురం రాజ్యంలో ఆ ఏడు ఎవరూ ఏడవలేదు. ఎంత మంచి రాజ్యమో అనుకుంటున్నారా? ఆగండి పిల్లలూ, అంత తొందరైతే ఎలా! ఎవరూ నవ్వనూ లేదు.

మంచురాక్షసుడొకడు ఆ దారిన పోతూ కొండమీద కూర్చుని ఒక్క నిట్టూర్పు విడిచాడు. అది పొగమంచై రాజ్యమంతా కమ్ముకుంది. దాన్ని పీల్చిన వాళ్ళకు ఒళ్ళూ మనసూ మొద్దుబారిపోయాయి. పెళ్ళిబాజాలు మోగితే విన్నారు, అంతే. పొయ్యిలో చెయ్యి పడితే తీశారు, అంతే. సింహాసనం మీద కోతి ఎక్కి కూర్చుంటే రాజుగారు వెళ్ళి నేలమీద కూర్చున్నారు.

కట్టెలు కొట్టే సింహాద్రి ఇంట్లో మాత్రం ఇది నవ్వులాట కాదు. అతని కూతురు పైడికి చంటితమ్ముడు ఉన్నాడు. వాడు ఆకలేసినా ఏడవడు. వాడు ఏడవడు కనుక అమ్మకు పాలివ్వాలని తోచదు. పిల్లాడు చిక్కి శల్యమయ్యాడు. పైడికి దిగులు కలగలేదు. కానీ ఇలాగైతే వీడు బతకడని తెలిసింది. పొద్దునా సాయంత్రమూ వాడి నోట్లో పాలు పొయ్యమని నాన్నకు చెప్పి, విరుగుడు వెతుక్కుంటూ బయలుదేరింది.

అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు. సంగతి విని అన్నాడు: "పులి అడవి దాటితే తవిటవ్వ ఇల్లు వస్తుంది. ఆమె చేసిన పింగాణి గిన్నెలో పాలు పోసి మీ తమ్ముడికి పట్టు. వాడి ఏడుపు విన్నవాళ్ళందరికీ మంచు వదులుతుంది. కానీ ఆ గిన్నెను మనసారా మెచ్చినవాళ్ళకే ఇస్తుందమ్మా. అబద్ధం మెచ్చుకుంటే అది పగిలిపోతుంది."

మెచ్చుకోవడానికి మనసేదీ? పైడి అది కూడా ఆలోచించకుండా నడిచింది. ముళ్ళు గుచ్చుకున్నాయి. నొప్పి తెలియలేదు. పెద్దపులి ఎదురొచ్చి అడవి దద్దరిల్లేలా గాండ్రించింది.

"దారి తప్పుకో పులిమామా" అంది పైడి.

"భయం లేదూ?"

"అదెలా ఉంటాదో మర్సిపోనాను."

పులికి తల కొట్టేసినట్టయింది. భయపడని దాన్ని తింటే రుచేముంటుందని గొణుక్కుంటూ పక్కకు తప్పుకుంది.

తవిటవ్వ వాకిట్లో ఒక పక్క పింగాణి పెంకుల గుట్ట ఉంది. "ఏటి సూస్తున్నావే గుంటా? మీ రాజుగారి కొడుకు పనే అది. కళ్ళెత్తి సూడకుండానే 'అద్భుతం, అద్భుతం' అన్నాడు. అన్నీ టపటపా పగిలిపోనాయి" అంది అవ్వ. ఒక గిన్నె తెచ్చి పైడి చేతిలో పెట్టింది. "ఇది సూసి సెప్పు. ఎలాగుంది?"

తమ్ముడు బతకాలంటే బాగుందనాలి. పైడి నోరు తెరిచింది. పెంకుల గుట్ట కనిపించింది.

"నాకేటీ అనిపించట్లేదు అవ్వా."

గిన్నె పగల్లేదు. "ఓలమ్మ! నిజం సెప్పిన పిల్లవి నువ్వే కదే!" అని అవ్వ బోసినోటితో నవ్వింది. "అయితే కూకో. నా పని సూడు."

పైడి కూర్చుంది. అవ్వ తెల్లమట్టిని తొక్కి, పిసికి, కుమ్మరి సారె మీద పెట్టి తిప్పుతూ గిన్నెగా లేపింది. అది ఆరాక అంచును చెక్కీ చెక్కీ ఉల్లిపొరలా పలచన చేసింది. కాల్చిన గిన్నెను పైపూత కుండలో ముంచింది. ముంచినప్పుడు అవ్వ బొటనవేలు పట్టుకున్న చోట మాత్రం పూత అంటలేదు.

"అక్కడ మచ్చ పడింది, అవ్వా."

"పడనీ. అందరూ దాన్ని పూసేస్తారు. నాను పూయను. సెయ్యి పెట్టి సేసినదానికి సెయ్యి కనిపించొద్దా?"

మళ్ళీ కాల్చి, ఆవం మంట చల్లారాక గిన్నె తీసి, అవ్వ అందులో వేడిపాలు పోసి ఇచ్చింది. పైడి పాలు తాగి గిన్నెను ఎండకు ఎత్తింది. పింగాణిలోంచి తన వేళ్ళ నీడలు కనిపించాయి. ఆమె బొటనవేలు ఆ మచ్చ మీద సరిగ్గా కూర్చుంది. గరుకుగా తగిలింది. అవ్వ చెయ్యి పట్టుకున్నట్టుంది. తనకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ చెయ్యి కూడా ఇలాగే గరుకుగా ఉండేది.

"అబ్బా, నాలుక కాలింది!" అంది పైడి. తర్వాత, "ఎంత బాగుందవ్వా!" అని భోరున ఏడ్చింది. మూడు నాళ్ళుగా గుచ్చుకున్న ముళ్ళన్నీ ఒక్కసారి సలిపాయి. తమ్ముడు గుర్తొచ్చి గుండె గుభేలుమంది. "ఇక అది నీదే, పట్టుకుపో" అంది అవ్వ. పైడి గిన్నె గుండెలకు హత్తుకుని పరుగు తీసింది.

అడవిలో పులి గాండ్రించింది. పైడి కెవ్వున అరిచింది. "హమ్మయ్య! ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అని పులి పొంగిపోయి, తినడం మాట మరిచిపోయి, ఆమెను వీపున ఎక్కించుకుని ఊరి పొలిమేరలో దింపింది.

ఇంట్లో తమ్ముడు కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. పైడి గిన్నెలో గోరువెచ్చని పాలు పోసి, అమ్మ బొటనవేలు తీసి ఆ మచ్చ మీద పెట్టింది. "అమ్మా, నువ్వే పట్టు." అమ్మ ఉలుకూ పలుకూ లేకుండా పట్టింది. ఒక చుక్క లోపలికి పోయింది. ఇంకొకటి.

వాడి మూతి వంకర తిరిగింది. గుక్కపట్టి, ముఖం కందిపోయేలా, కేరుమన్నాడు.

"నా అయ్య! నా నాయనా!" అని అమ్మ వాణ్ణి ఒడిలోకి లాక్కుంది. ఆ ఏడుపు వీధులు దాటి కోటకు చేరింది. మంచు చీలిపోయింది. రాజుగారు కోతిని తరిమి, పరుగున వచ్చి, గిన్నెను సరిగా చూడకుండానే "అద్భు..." అనబోయారు.

"ముందు సూడండి దొరా!" అని కసిరింది పైడి.

రాజుగారు నోరు మూసుకుని గిన్నెను ఎండకెత్తి చూశారు. చూస్తూనే ఉండిపోయారు. తమ్ముడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుని విన్నారు. ఆ రోజు వాణ్ణి ఊరుకోబెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.