పదిహేను తరవాత

ఇది చదివి నన్ను తిట్టుకున్నా పరవాలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి.

నా పని ఒక చిన్న గదిలో, కంప్యూటర్ ముందు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లచేత వీడియోలో నడక సాధన చేయిస్తాను. ఆ జబ్బులో నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకి అతుక్కుపోతాయి, ముఖ్యంగా గుమ్మాల దగ్గర. అప్పుడు పక్కనుంచి ఎవరైనా అంకెలు లెక్కపెడితే ఆ తాళానికి పాదం లేస్తుంది. మనిషి కుర్చీలో కూర్చునేదాకా లెక్క ఆపకూడదు. ఈ పనిలో మొట్టమొదట నేర్పేది అదే.

వాళ్లలో ఒకరు, వాచీలు బాగుచేసే తాతయ్య. ఆయనకి మంచం నుంచి కిటికీ పక్క కుర్చీకి ఇరవై నాలుగు అడుగులు. పదిహేనోది సరిగ్గా గుమ్మంలో పడేది. చీలమండకి కట్టిన పట్టీ ఆయన అడుగుల్ని నా తెర మీద చూపించేది.

“ఊళ్లో ఆగిపోయిన వాచీలన్నీ నడిపించాను. నన్ను నడిపించడానికి నువ్వు కావాల్సొచ్చావు, లెక్కల టీచరమ్మా!” అనేవారు.

ఆ రోజు ఆయన నడక మొదలెట్టబోతుంటే నాకు ఫోన్ వచ్చింది. స్నేహితురాలు. కొంపలు మునిగే విషయమేం కాదు. నా గొంతుతో లెక్క రికార్డు చేసి పెట్టుకున్నది ఒకటుంటే, అది పెట్టేసి బయటికెళ్లాను. అది ఇంకో ఆవిడ కోసం చేసింది. ఆవిడది చిన్న గది. లెక్క పదిహేనుతో అయిపోతుంది.

తిరిగొచ్చేసరికి తెర మీద గుమ్మం ఖాళీ. కింద నేల మీద ఒక చెయ్యి మాత్రం కనిపించింది.

వణకడం లేదు.

మూడో రోజున పోయారు. ‘ఆగమన్నా వినకుండా తొందరపడ్డారు’ అని రిపోర్టు రాశాను. రికార్డింగు చెరిపేశాను.

“ఒకరి మాట ఎప్పుడు విన్నారు గనక!” అంటూ ఆయన భార్య, మామ్మ, పోయిన మనిషిని ఫోనులో తిట్టి తిట్టి ఏడ్చింది. నేను ఊఁ కొట్టాను.

ఇవాళ సాయంత్రం మామ్మ వీడియోలోకి వచ్చింది. అక్కడ బాగా మబ్బుపట్టినట్టుంది. ఆవిడ వెనక గుమ్మం నల్లగా ఉంది. చేతిలో ఆ కాలి పట్టీ.

“ఇది ఆపడం ఎలాగమ్మా? పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.”

నా తెర మీద అడుగులు: 15.

నా గదిలో ఏదో నూనె వాసన. వాచీల్లో వేసేది. దాని వాసన నేనెప్పుడూ చూసి ఎరగను. అయినా అదేనని తెలిసింది. హెడ్‌ఫోన్‌లో చెప్పు నేలకి రాసుకుంటున్న చప్పుడు. ఒకే చోట... సర్ర్... సర్ర్...

మామ్మ గొంతు తగ్గించింది. “రోజూ ఈ వేళకి గుమ్మంలోంచి అడుగుతున్నారమ్మా, పదిహేను తరవాత ఎంత అని. నేను చెప్తే కదలడం లేదు. నీ గొంతే కావాలన్నట్టుంది. అసలెందుకు అదే అడుగుతున్నారంటావ్?”

మాట నాలిక చివరిదాకా వచ్చింది.

“ఏమో మామ్మా.”

తరవాత, మెల్లిగా, “పదహారు,” అన్నాను.

తెర మీద 16.

పదిహేడు... పద్దెనిమిది... పట్టీ పట్టుకున్న మామ్మ చెయ్యి కదల్లేదు. చప్పుడు మాత్రం దగ్గరికొస్తోంది. ఇరవై మూడు... ఇరవై నాలుగు. కిటికీ పక్క ఖాళీ కుర్చీ కిర్రుమంది. పచ్చ లైటు ఆరిపోయింది.

మామ్మ కుర్చీవైపు చూసి కళ్లు తుడుచుకుంది. “కూర్చున్నారు... నువ్వింకేమైనా చెప్పాలా అమ్మా?”

“ఏం లేదు మామ్మా.”

కాల్ ఆపి, సంచీ తగిలించుకుని లేచాను. గుమ్మం దాటబోతే ఎడమ పాదం రాలేదు. కుడిదీ రాలేదు. ఆఫీసులో అందరూ వెళ్లిపోయారు. ఎవరికి ఫోన్ చేసి, ఏమని చెప్పను? అందుకే ఇక్కడే నిలబడి ఫోనులో ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడే... బల్ల మీది హెడ్‌ఫోన్‌లోంచి నా గొంతు మొదలైంది. నేను చెరిపేసిన రికార్డింగు.

ఒకటి...

నా పాదం లేచింది.

ఈ గుమ్మం నుంచి మెట్లకి పన్నెండు అడుగులు. లెక్క పదిహేనుదాకా ఉంది.