ముందే చేరాల్సిన సామాను

రాజమండ్రి బైపాస్ పక్కన గోదాము గేటు దగ్గర హైమవతి వ్యాను ఆగింది. పైనున్న స్కానర్ పెట్టెలన్నీ చూసుకుని పచ్చలైటు వెయ్యాలి. ఎర్రలైటు వేసింది.

"ఈ స్టాక్ ఇక్కడ దించవద్దు. అరవై పెట్టెలు నీలిపేట హబ్‌కి పంపండి. గురువారం లోపు చేరాలి," అంది యంత్రం, తియ్యటి ఆడగొంతుతో.

"నీలిపేటకి అరవయ్యా?"

గోదాము సూపర్‌వైజర్ సత్తిబాబు టాబ్లెట్ చూసి పళ్ళికిలించాడు. "ఆయ్, అరవయ్యేనండి. ఈ నెల మీకు పండగేనండీ హైమవతిగారూ."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. హైమవతి అమ్మేది చావు సామాను. మట్టికుండ, తెల్లగుడ్డ, నువ్వులు, దర్భలు, పిడకలు, కొబ్బరితాడు, అన్నీ ఒకే అట్టపెట్టెలో. రేవు వీధిలో మామగారు పెట్టిన కొట్టు అది. ఆ కొట్లో బేరం అయ్యాక ఎవరినీ మళ్ళీ రమ్మనరు. భర్త పోయాక హైమవతి దాన్ని ఆన్‌లైన్‌కెక్కించింది. అమ్మేవాళ్ళు సరుకు ముందుగా కంపెనీ గోదాములకి పంపాలి. ఎవరైనా ఫోన్ నొక్కితే దగ్గర్లోని గోదాము నుంచి డ్రోన్ తీసుకెళ్ళి ఇస్తుంది.

ఈ సామానుతో ఒక చిక్కుంది. ముందుగా కొని ఇంట్లో పెట్టుకునే మనిషి ఉండడు. ప్రాణం పోయాకే కొంటారు, కొన్న గంటలో గుమ్మం ముందుండాలి. కాబట్టి ఏ ఊళ్ళో ఎన్ని కావాలో ముందే తెలియాలి. అది చెప్పడానికి కంపెనీ పెట్టిన యంత్రం పేరు ముందుచూపు.

అది జాతకం చూడదు. ఊళ్ళో దగ్గుమందు ఎన్ని సీసాలు పోయాయి, వాటర్ ఫిల్టర్లు గడువుకి ముందే ఎన్ని మారుస్తున్నారు, ఎన్ని ఇళ్ళలో కిటికీ సందులకి టేపు కొంటున్నారు, ఇవన్నీ చదువుతుంది. ఇంతకుముందు ఎక్కడైనా ఇవే కొన్నాక, ఆ తర్వాత ఏం కొన్నారో చూస్తుంది. అంతే. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

నీలిపేట మందుల ఫ్యాక్టరీ చుట్టూ లేచిన ఊరు. వారానికి రెండు పెట్టెలు పోతే ఎక్కువ. హైమవతి కూతురు సహస్ర ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనే పనిచేస్తుంది. క్వార్టర్స్‌లో కాపురం. ఏడాదిన్నర పిల్ల.

యంత్రం ఇంకా ఆపలేదు. "అదనంగా, తెల్లగుడ్డ రెండు మీటర్ల ముక్కలు, పన్నెండు."

హైమవతి వ్యాను తలుపు పట్టుకుంది. పెద్దవాళ్ళకి అయిదు మీటర్లు కావాలి. రెండు మీటర్లు ఎవరికో ఆమెకి తెలుసు. కొట్లో ఎవరైనా ఆ ముక్క అడిగితే తలెత్తకుండా చించి ఇచ్చేది. డబ్బు తీసుకునేది కాదు.

"సత్తిబాబూ, నీలిపేటకి ఇంకేం వెళ్తున్నాయి?"

"ఫ్రీజర్ పెట్టెలండి. ఆక్సిజన్ డబ్బాలు, కళ్ళల్లో వేసుకునే చుక్కలమందు... ఏవండీ, అలా అయిపోయారేంటి?"

ఆమె కూతురికి ఫోన్ చేసింది.

"వాసనేగా అమ్మా, వారం నుంచీ ఉంది," అంది సహస్ర, దగ్గుతూ. "వెనక ట్యాంకు వాల్వు కారుతోంది. రాసిచ్చాం. ఇప్పుడు ఆపితే నష్టమట, వచ్చే నెల చూస్తారట."

"ఇక్కడ గోదాములో యంత్రం మీ ఊరికి అరవై పెట్టెలడిగింది. పిల్లని తీసుకుని బయల్దేరు."

"గోదాములో యంత్రం చెప్పిందని సెలవడగనా? నవ్వుతారు. పెట్టెయ్."

ముందుచూపుని తయారుచేసిన డాక్టర్ ప్రభంజన్ గది ఆ గోదాము పైఅంతస్తులోనే. మర్యాదస్థుడు. లేచి కుర్చీ చూపించాడు. హైమవతి కూర్చోలేదు.

"నీలిపేటలో అరవైమంది పోతారని మీకు తెలుసా?"

"యంత్రానికి చావంటే తెలీదమ్మా. దానికి తెలిసింది ఆర్డరే."

"యంత్రాన్ని అడగట్లేదు. మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంచనా సాక్ష్యం కాదండి. అది పట్టుకుని ఫ్యాక్టరీ ఆపమంటే కోర్టుకి లాగుతారు. ఇంకో సంగతి. మనం చెబితే జనం కదులుతారు. కదిలితే అంచనా తప్పుతుంది. తప్పే యంత్రాన్ని ఎవరు నమ్ముతారు?"

"అంటే మీ లెక్క తప్పకూడదని మా పిల్లలు పోవాలి."

"నేనలా అనలేదమ్మా."

"వాళ్ళకి చెప్పలేదు. చావు సామాను అమ్ముకునేదానికి చెప్పారు. నాకు!" ఆమె బల్ల మీదికి వంగింది. "మీకు పిల్లలున్నారా?"

ఉన్నారన్నాడు. మాట పూర్తికాకుండానే ఆమె మెట్లు దిగిపోయింది.

వ్యాను నీలిపేట చేరింది, హబ్‌కి మాత్రం వెళ్ళలేదు. హైమవతి ముందు ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పింది. సెక్యూరిటీ వాడు వాచీ చూసుకున్నాడు. క్వార్టర్స్‌లో చెప్పింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "రోజుకో హెచ్చరిక వస్తుందండీ ఫోన్లో. తుఫానంటారు, వడగాలంటారు. ఎన్నిటికని పరిగెడతాం పిన్నిగారూ?" అని నవ్వారు. వాళ్ళ కళ్ళు మాత్రం ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి.

ఆ నవ్వుకి హైమవతి ఒళ్ళు మండిపోయింది. వ్యాను వెనకతలుపు తీసింది. ఒక పెట్టె విప్పి, కుండా గుడ్డా మొదటి ఇంటి గడప మీద పెట్టింది. తర్వాత రెండో ఇల్లు, మూడోది.

వీధి గుప్పున లేచింది.

"ఒసేయ్, నీ చేతులు పడిపోను! పచ్చటి ఇంటిముందు పాడెసామాను పెడతావా?"

"పిచ్చిదిరా! పట్టుకోండి!"

ఎవరో జుట్టు పట్టుకున్నారు. ఎవరో చెంప మీద కొట్టారు. చీర చిరిగింది. విడిపించుకుని ఇంకో గడప దగ్గరికి నడిచింది. "ఇది నాది కాదు, మీదే. మీ కోసమే పంపమన్నారు. మీదే, తీసుకోండి," అంటూ పెడుతూనే పోయింది.

కేకలకి సహస్ర పిల్లని చంకనేసుకుని బయటికొచ్చింది. "అమ్మా! నువ్వా? పరువు తీస్తున్నావేంటే!"

హైమవతి కూతురి మొహం చూడలేదు. ఆ గడప మీద రెండు కుండలు పెట్టింది. వాటి పక్కన రెండు మీటర్ల ముక్క చించి, మడత పెట్టి పెట్టింది.

సహస్ర చంకలో పిల్లని గుండెకి హత్తుకుంది.

హెచ్చరికకి కదలని నీలిపేట కుండకి కదిలింది. చావు సామాను గడప తొక్కిన ఇంట్లో శాంతి చేయించేదాకా నిద్ర చెయ్యకూడదని పెద్దవాళ్ళు పట్టుబట్టారు. ఇళ్ళకి తాళాలు పడ్డాయి. ఆటోల్లో, బస్సుల్లో, హైమవతి ఏడుతరాల్నీ తిట్టుకుంటూ వీధులన్నీ ఖాళీ అయ్యాయి. సహస్రని అత్తగారు ఫోన్లోనే చీవాట్లు పెట్టి బయల్దేరదీసింది. పిల్లనెత్తుకుని, తల్లితో మాట్లాడకుండా బస్సెక్కింది సహస్ర. మనుషుల్లేక ఫ్యాక్టరీలో షిఫ్టు ఆగింది. మూఢనమ్మకాలని మేనేజరు పేపర్లో వాపోయాడు.

గురువారం తెల్లవారుతుండగా ట్యాంకు పగిలింది. పచ్చటి పొగ క్వార్టర్స్ మీద పొద్దెక్కేదాకా కూర్చుంది. కాకులు రాలాయి. కుక్కలు పోయాయి. గేటు దగ్గరున్న ఇద్దరు కాపలావాళ్ళు ఆస్పత్రి పాలై బతికారు. అరవై పెట్టెల్లో ఒక్కటీ అమ్ముడుపోలేదు.

వారం తిరక్కుండా ప్రభంజన్ ఫోన్ చేశాడు. గొంతులో నిజంగానే సంతోషముంది. "అమ్మా, మీ మనవరాలు క్షేమమని విన్నాను. ముందుచూపు తప్పడం ఇదే మొదటిసారి. ఎందుకు తప్పిందో అదే కనిపెట్టి, అదే సర్దుకుంది. ఇక అలా జరగదు."

ఇకమీద జనానికి ముందే చెబుతారనుకుంది హైమవతి. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

వానలు మొదలయ్యాక యంత్రం ఆమెకి ఒక కబురు పంపింది. మల్లంపాలెం హబ్‌కి ఒక పెట్టె. ఒక్కటే. ఊపిరి పీల్చుకుని కట్టింది. కడుతుంటే ఎందుకో చెయ్యి ఆగింది. సామర్లకోటలో ఇదే సరుకు అమ్మే వీర్రాజుకి ఫోన్ చేసింది.

"ఏ ఊరికి పంపుతున్నావు తమ్ముడూ?"

"మల్లంపాలెమక్కా. ఒక్కటే పెట్టె."

తునిలో అడిగింది. మల్లంపాలెం, ఒకటి. మండపేటలో అడిగింది. మల్లంపాలెం, ఒకటి. పిఠాపురంలో కొత్తగా కొట్టు పెట్టినావిడ ఒక చిన్న గుడ్డముక్క కూడా అడిగారండీ అంది.

హైమవతి మళ్ళీ వీర్రాజుకి చేసింది. "పంపకు! వీర్రాజూ, పంపకు. అందరి దగ్గరా ఒక్కొక్కటి తీసుకుంటోందిరా అది. ఎవరికీ తెలియకుండా. అర్థమవుతోందా?"

అవతల లారీ హారను వినిపించింది. వీర్రాజు నవ్వాడు, ఓదార్పుగా.

"ఒక్క పెట్టేగా అక్కా. ఎంత చిన్న ఊరికైనా ఒక్కటి కావలసిందేగా. ఇప్పుడే ఎక్కించేశాను."