దేవుడి గదిలో పెట్టిన హెల్త్ కార్డు

"దేవుడి గదిలో పెట్టమన్నది నువ్వు. ఇప్పుడు నన్ను అడుగుతావేంది?"

సుధాకర్ ఈ మాట పొద్దున్నుంచి మూడోసారి అంటున్నాడు.

"పెట్టమన్నా. పసుపు రాసి నేనే పెట్టా. కాళ్ళొచ్చి నడిచిపోయిందా?" శేషుకుమారి భర్త వైపు చూడకుండానే కంచాలు వేస్తోంది.

"నా విత్తనాల కొట్లో ఒక్క కాయితం పోదు. ఈ కొంపలోనే పోతయ్యి."

"అయితే దేవుణ్ణి కూడా కొట్లోనే పెట్టుకో."

గుమ్మంలో సుప్రజ చెప్పులు విడిచింది. సుధాకర్ చెల్లెలు. నరసరావుపేటలోనే, బరంపేటలో ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు నిజమో కాదో తేల్చే ఇన్వెస్టిగేటర్. విరగని కాళ్ళకు వేసిన కట్లు చాలా విప్పించింది.

"ఏం పోయింది?"

"హెల్త్ కార్డు," అన్నాడు సుధాకర్. "కావ్య కాలేజీలో ప్రతి స్టూడెంటుకీ ఇన్సూరెన్స్ ఉండాలంట. మనకి ఫ్యామిలీ పాలసీ ఉందిగా. ఆ కార్డు ఫొటో పంపితే కాలేజీది తీసేస్తారు. వెయివర్ అంటారంట. ఈ సాయంత్రం ఐదింటికి ఆఖరు. పంపకపోతే వాళ్ళదే అంటగడతారు."

సుప్రజ కూర్చుంది. పన్నెండున్నర దాటింది.

"వదినా, ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"సోమవారం పొద్దున. దీపం పెట్టేటప్పుడు ఉంది. ఏడింటికి ముప్పాళ్ళ పోయా, పలకరింపుకి. సాయంత్రం వచ్చి స్నానం చేసి దీపం పెట్టబోతే లేదు."

"మధ్యలో ఇంట్లో ఎవరున్నారు?"

"నేనున్నా," అన్నాడు భానుప్రకాష్. సుధాకర్ కొడుకు, సత్తెనపల్లిలో బ్యాంకు ఉద్యోగం. సోమవారం నుంచి సెలవులో ఉన్నాడు.

"దేవుడి గదిలోకి పోయావా?"

"బండి తాళం అక్కడే తగిలిస్తాం. తీసుకుని వచ్చేశా. కార్డు చూడలేదత్తా."

"అమ్మా, నువ్వు?"

వీరరాఘవమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "విభూతి కోసం పోయా. ఆ అట్టముక్క నాకెందుకే. దాని మీద నాకు ఆపరేషన్ చేయించి మీ అన్న పేటంతా చాటాడు."

"మొలలేగదా నాయనమ్మా, సిగ్గేంది?" భానుప్రకాష్ నవ్వాడు.

"నీకొస్తే తెలుస్తది."

"కార్డు వాడితే నా ఫోనుకి మెసేజ్ వస్తది," అన్నాడు సుధాకర్. "ఏ ఆస్పత్రో, దేనికో, అంతా రాసి ఉంటది. కొట్లో ఉండగా వచ్చింది. చదివా. తప్పేంది?"

"క్రోసూరు నుంచి విత్తనాలకి వచ్చినోడు, మీ అమ్మ కూర్చుంటోందా అని అడిగాడు," అంది వీరరాఘవమ్మ.

కావ్య ఎవరి మాటా విననట్టు ముందే వడ్డించిన కంచంతో తలుపు పక్కన విడిగా కూర్చుని ఉంది. సుధాకర్ కూతురు, బీటెక్ రెండో ఏడు అయింది. సెలవులకు హాస్టల్ నుంచి వచ్చింది. జడ అల్లుకుని రెండు రోజులైనట్టుంది.

"మరి కావ్య?"

"అది దూరంగా ఉంది," అంది శేషుకుమారి. "సోమవారం పొద్దున నేను పోగానే అయిందంట. దేవుడి గది గడప తొక్కలా."

ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఆ ఇంట్లో దూరంగా ఉన్న మూడు రోజులూ ఆడవాళ్ళు రెండు ముట్టుకోరు. దేవుడి పటం, ఊరగాయ జాడీ. దానికి సాక్ష్యం అక్కర్లేదు.

"పోనీలే," అంది సుప్రజ. "కంపెనీకి ఫోన్ చేస్తే డూప్లికేట్ మెయిల్లో వస్తుంది. అరగంట పని."

సుధాకర్ ముఖం తేరుకుంది. శేషుకుమారి మిగతావాళ్ళకు అన్నం వడ్డించడం మొదలుపెట్టింది. కావ్య నోటిదాకా తెచ్చిన ముద్దను మళ్ళీ కంచంలో పెట్టింది.

"గోంగూర వెయ్యి," అన్నాడు సుధాకర్. "సోమవారం క్యారియర్లో వచ్చిందే, అది. చానా బాగుంది."

"గిన్నెలోది ఆదివారమే అయిపోయిందిగా వదినా?" అంది సుప్రజ. "ఆ రాత్రి గిన్నె ఊడ్చింది నేనే."

"కొత్త జాడీలోది అయ్యుంటది. పొద్దున దాని మూతికి వాసెన గుడ్డ వదులుగా ఉంటే మళ్ళీ కట్టా."

"సోమవారం క్యారియర్ ఎవరు కట్టారు?"

"నేను ముప్పాళ్ళలో ఉంటిని. కావ్యే కట్టింది." శేషుకుమారి మజ్జిగ కోసం లోపలికి వెళ్ళింది.

అన్నాలయ్యాక సుప్రజ మేడ మీది గదికి వెళ్ళింది. కావ్య మంచం మీద కూర్చుని ఉంది. ఫ్యాన్ వెయ్యలేదు. చెమట పడుతున్నా తుడుచుకోవడం లేదు.

"జాడీ వాసెన విప్పింది నువ్వు," అంది సుప్రజ. "సోమవారం మధ్యాహ్నం. నిజంగా దూరంగా ఉంటే విప్పవు."

"జాడీ ముట్టుకోకూడదన్న సంగతి గుర్తు రాలేదత్తా. నాన్న పచ్చడి లేకపోతే తినడని వేశా."

"డూప్లికేట్ అనగానే అందరి ముఖాలూ తేరుకున్నాయి. నువ్వు ముద్ద వదిలేశావు. కార్డుతో నీకు పని లేదు. వెయివర్ ఆగిపోవాలి, అంతేగా?"

"ఊఁ."

"ఎందుకు?"

కావ్య దిండు గలేబులో చెయ్యి పెట్టి కార్డు తీసింది. అంచున పసుపు ఎండి ఉంది. గలేబుకు కూడా అంటింది.

"కాలేజీ పాలసీలో సైకియాట్రిస్టు ఫీజు కూడా వస్తుంది. మెసేజ్ నా ఫోనుకే వస్తుంది. నాన్న కార్డు మీద పోతే కొట్లో చదువుతాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదు. చలికాలం నుంచి అనుకుంటా. బ్రష్ మీద పేస్టు పెట్టుకుని అట్టాగే నిలబడతా. ఏడుపు కూడా రాదు. పరీక్షలు రాశానా అంటే రాశాను. ఏం రాశానో తెలీదు."

"చచ్చిపోవాలని ఉందా?" సుప్రజ మిగతా ప్రశ్నలు అడిగిన గొంతుతోనే అడిగింది.

"లేదు." కావ్య దిండు ఒళ్ళోకి లాక్కుంది. "ఏదీ కావాలని లేదు."

సుప్రజ లేచి ఫ్యాన్ వేసింది. మంచం మీద కావ్య పక్కన కూర్చుంది.

"రెండు పాలసీలు ఉండటం తప్పేమీ కాదు. ఈ డూప్లికేట్ నేను తెప్పించను. అప్పుడు ఐదు దాటుతుంది, నీ పని అవుతుంది. కానీ నీకు జరుగుతున్నది ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. నాకు తెలిసింది. నేను చాలనుకుంటే చాలు."

కావ్య కార్డును అటూ ఇటూ తిప్పింది. గోటితో పసుపు గీకింది.

"అమ్మకి జాడీ సంగతి ఎట్టాగూ తెలిసిపోతుంది," అంది.

నాలుగున్నరకు అందరూ హాల్లో ఉన్నారు. సుధాకర్ ఫోన్ పట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. "మెయిల్ రాలేదేంది?"

"నేను ఫోన్ చెయ్యలేదన్నయ్యా. కార్డు దొరికింది."

కావ్య మెట్లు దిగి వచ్చింది. కార్డు తండ్రి ముందు టీపాయ్ మీద పెట్టింది. శేషుకుమారి కార్డును చూసింది. తర్వాత వంటింట్లో జాడీ ఉన్న అటక వైపు చూసింది.

"అయితే దొంగవి నువ్వే," అని మొదలుపెట్టిన భానుప్రకాష్, చెల్లెలి ముఖం చూసి ఆగిపోయాడు.

"నేనే తీశా," అంది కావ్య. ఎవరో పిలిచిన హాజరుకు పలికినట్టుంది గొంతు. "వెయివర్ పెట్టటం లేదు నాన్నా. కాలేజీ పాలసీ ఉంచుకుంటా. నాకు బాగుండటం లేదు. మనసుకి. హాస్టల్‌కి పోగానే సైకియాట్రిస్టు దగ్గరికి పోతున్నా."

వీరరాఘవమ్మ చేతిలో విసనకర్ర ఆగింది. సుధాకర్ ఏదో అడగబోయాడు. సుప్రజ అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

కావ్య తల్లిని చూసింది, అన్నను చూసింది, నాయనమ్మను చూసింది. ఆఖరున తండ్రిని చూసింది.

"కొట్లో మాత్రం చెప్పొద్దు నాన్నా."