అడగకముందే ఇచ్చిన వరం

“ఏ వరమైనా సరే కోరుకో! నువ్వు అడగకముందే ఇచ్చేశాను!”

బోర్లించిన తొట్టి మీద నిలబడి మా అమ్మాయిగారు అవెలిన్ అరిచిన అరుపుకి నా చేతిలో గరిట జారి పులుసులో పడింది.

నా పేరు మహో. తిబో దొరగారి కోటలో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్నాను. నా వంటింటి గుమ్మంలో నిలబడితే పెరడంతా కనిపిస్తుంది. అందుకే ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మా పెరట్లో ఒక పొగరుబోతు మగబాతు ఉండేది. ఆ పొద్దున అది మెడ చాచి అవెలిన్ వెంటపడింది. పదేళ్ల పిల్ల, పండగ గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని పెరడంతా పరుగెత్తింది. చివరికి తొట్టి ఎక్కి కెవ్వుమంది. ఇంతలో బాతుల్ని కాసే పిల్ల పెర్నెల్ వచ్చింది. ఆ బాతు మెడ ఒడిసి పట్టుకుని, “నడువ్, వెధవా!” అంటూ కంచె అవతలికి గెంటేసింది.

అంతే! అప్పటిదాకా కెవ్వుమన్న మా అమ్మాయిగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని వరం ఇచ్చేసింది.

ఆ పిల్లని అని ఏం లాభం లెండి. చలికాలమంతా వాళ్ల తాతగారు ఒడార్, పొయ్యి పక్కన కూర్చుని ఆమెకి ఆర్డ్విన్ వీరుడి పద్యకథ నేర్పించారు. ఆ కథల్లో వీరులందరికీ ఒకటే జబ్బు. ఎవరైనా వరం కావాలంటే, ఏమిటని అడగరు. ముందు ‘ఇచ్చాను’ అంటారు, తరువాత వింటారు. ఆర్డ్విన్ కూడా వంతెన దగ్గర ఒక ముసలమ్మకి అలాగే మాటిచ్చాడు. ఆమె అతని గుర్రాన్ని అడిగింది. మర్నాడే గుర్రమెక్కి పోరాడే పెద్ద పోటీ! అయినా గుర్రం దిగి కళ్లెం ఆమె చేతిలో పెట్టాడు. నన్నడిగితే వట్టి పిచ్చి పని. కానీ ఆ చోటు వచ్చినప్పుడల్లా ఉల్లిపాయలు తరగకపోయినా నా కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఆ రోజు పెంతెకొస్తు పండగ. రెండేళ్లుగా యుద్ధంలో ఉన్న దొరగారు ఆ మధ్యాహ్నమే ఇంటికి వస్తున్నారు. విందులో ఆయన ముందు ఆ కథ చెప్పాలనే అవెలిన్ అంత కష్టపడింది. నిద్రలో కూడా పద్యాలు కలవరించేది.

పెర్నెల్ చేతులు గౌనుకి తుడుచుకుంది. “ఏదైనానా, అమ్మాయిగారూ?”

“ఏదైనా! నా వెండి దువ్వెన కావాలా? నా కుక్కపిల్ల కావాలా?”

“ఇవాళ విందులో ఆ కథ నేను చెప్తా.”

అవెలిన్ మొహం పాలిపోయింది. “ఏ కథ?”

“ఆర్డ్విన్ కథ. నాకు మొత్తం వచ్చు. మీరు నేర్చుకునేటప్పుడు రోజూ కిటికీ కింద కూర్చుని విన్నా.”

“బాతులు కాసేదానివి, నువ్వు దొరల ముందు పద్యాలు చెప్తావా?”

“మా నాన్న కూడా ఇవాళే వస్తున్నాడు. దొరగారి గుర్రాలు చూసుకోడానికి వెళ్లాడుగా. ఆయన వింటాడని...” పెర్నెల్ గొంతు చిన్నదైపోయింది.

అవెలిన్ తొట్టి దిగింది. కాసేపు పెదవి కొరుక్కుంది. ఉన్నట్టుండి కళ్లు మెరిశాయి.

“సరే! ఇచ్చిన మాట ఇచ్చినట్టే. కథ చెప్పుకో. నీ బాతులకి చెప్పుకో! ఇవాళ పండగని వాటికీ గింజలు వేస్తున్నావుగా. అదీ విందే!”

పెర్నెల్ గింజల బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. “భలే తెలివి, అమ్మాయిగారూ! పాపం, ఆర్డ్విన్‌కి ఈ ఉపాయం తట్టలేదు. గుర్రం బొమ్మ ఒకటి గీసి ఇచ్చేవాడు!” అన్నాను.

“అది ఉత్తుత్తి వరం మహో! ఆటలో అన్నాను!” అని అవెలిన్ కాలు నేలకేసి కొట్టి విసవిసా లోపలికి పోయింది.

మధ్యాహ్నం బూరలు మోగాయి. దొరగారు గుర్రం దిగేలోపే అవెలిన్ ఆయన మెడకి చుట్టేసుకుంది. వెనక గుర్రాల దగ్గర పెర్నెల్ నాన్న గోబెర్ కుంటుతూ వస్తున్నాడు. అతను పెర్నెల్‌ని గాల్లోకి ఎత్తేసి, దింపడమే మర్చిపోయాడు.

విందుకి జనం విరగబడి వచ్చారు. వడ్డించడానికి చేతులు చాలక, నేనే పెర్నెల్ చేతిలో పులుసు గిన్నె పెట్టి తలుపు దగ్గర నిలబెట్టాను. గోబెర్ అన్నిటికంటే చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు.

అవెలిన్ హాలు మధ్యలోకి వచ్చి నిలబడింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఎంత బాగా చెప్పిందో! ఎముక కొరుకుతున్న కుక్కలు కూడా తల ఎత్తాయి. దొరగారు అన్నం మాట మరిచి కూతురి వైపే చూస్తూ ఉండిపోయారు. ఆర్డ్విన్ వంతెన దగ్గరికి వచ్చాడు. ముసలమ్మ గుర్రాన్ని అడిగింది.

“ముందు ఇచ్చాను, తరువాత విన్నాను.
విన్నాక...”

అక్కడ ఆగిపోయింది.

“విన్నాక వెనక్కి తీసుకోను,” అని ఒడార్ తాతగారు మెల్లగా అందించారు.

అవెలిన్ తల అడ్డంగా ఊపింది.

“ఫర్వాలేదు తల్లీ! మర్చిపోతే ఏమైంది? ఇంతవరకు అద్భుతంగా చెప్పావు,” అన్నారు దొరగారు.

“మర్చిపోలేదు నాన్నా. నా నోటితో ఆ మాట అనలేను.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “పొద్దున నేనూ ఒక వరం ఇచ్చాను. ఏమిటో విన్నాక ఎగ్గొట్టాను. భలే ఎగ్గొట్టానని సంబరపడ్డాను కూడా.”

ఎవరో అతిథి పకపకా నవ్వాడు. “పిల్లల ఆటలకి ఇంత రాద్ధాంతమా!” ఒడార్ తాతగారు ఒక్క చూపు చూశారు. నవ్వు ఆగిపోయింది.

“ఎవరికి ఇచ్చావమ్మా?” అని దొరగారు అడిగారు.

“పెర్నెల్‌కి. ఇవాళ ఈ కథ తను చెప్తానంది. మీరు వింటారని నేను నేర్చుకున్నాను నాన్నా. వాళ్ల నాన్న వింటాడని తనూ నేర్చుకుంది.”

అలా అంటూనే అవెలిన్ నడిచింది. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి, అందరి మధ్యలోంచి. కళ్ల నీళ్లు బుగ్గల మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. తలుపు దగ్గరికి వచ్చి పులుసు గిన్నె పట్టుకుంది.

“ఇది ఇటివ్వు. వెళ్లి చెప్పు. నేను ఆపిన చోటు నుంచి కాదు, మొదటి నుంచి. అంతా నీదే.”

పెర్నెల్ గిన్నె వదల్లేదు. “ఇప్పుడా? ఇంతమందిలోనా? నా కాళ్లు వణుకుతున్నాయి!”

“నాకూ వణికాయి. మొదటి రెండు పాదాలు గట్టిగా అనేయ్. ఆ తరువాత అదే వచ్చేస్తుంది. వెళ్లు!”

పెర్నెల్ వెళ్లింది. మొదటి పాదం వణికింది. రెండో పాదం నిలబడింది. మూడో పాదానికి ఆ గొంతు పైకప్పు దాకా లేచింది. పొలం ఆ గట్టు మీది బాతుల్ని ఈ గట్టు నుంచి పిలిచే గొంతు అది! హాలులో ఏ మూలకి వినపడలేదు? ముసలమ్మ మాటలు ముసలమ్మలాగే అంది. గుర్రం సకిలింపు కూడా సకిలించింది. వంతెన దగ్గర ఆర్డ్విన్ కళ్లెం అందించినప్పుడు అందరూ బల్లల మీదికి వంగి విన్నారు. చివరికి అతను కాలినడకనే పోటీకి వెళ్లి గెలిచాడు. ఇక చూడాలి! బల్లలు బాదేవాళ్లు బాదారు, కాళ్లు నేలకేసి కొట్టేవాళ్లు కొట్టారు. దొరగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇందాక నవ్విన అతిథి అందరికంటే గట్టిగా కేకలు వేశాడు.

గోబెర్ కుంటికాలితోనే బల్ల ఎక్కేశాడు. “నా పిల్ల! విన్నారా, అది నా పిల్ల!” అని గొంతు పోయేదాకా అరిచాడు.

“అవెలిన్! ఇలా రా తల్లీ, నా పక్కన కూర్చో,” అని దొరగారు చెయ్యి చాచి పిలిచారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

“ఒక్క నిమిషం నాన్నా, వస్తున్నా!”

అవెలిన్ పులుసు గిన్నెతో చివరి బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల మీద చిందులేస్తున్న మనిషిని తల ఎత్తి చూసి నవ్వింది.

“గోబెర్‌గారూ, కాస్త కిందికి దిగుతారా? ముందు మీకే వడ్డిస్తాను.”